ఎక్కాలు అడిగే లారీ

విజయవాడ, ఆటోనగర్
12 నవంబరు 2025

ప్రకటన

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డు, బడే మియా రంగుల షెడ్డు, ఎడమవైపు చివరి బెంచి వాస్తవ్యుడు, ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివి కూడా తొమ్మిది మొహం చూడని మరియదాసు అను నేను సమస్త ప్రజలకూ, మరీ ముఖ్యంగా మా చెల్లెలు వినీల టీచరమ్మ గారికీ తెలియజేయునది ఏమనగా:

నేటి నుండి మా ఇంట చొక్కా బొత్తాములు రద్దు. పెరుగు ప్యాకెట్టు పళ్ళతో కొరికి విప్పుట నేరము కాదు. ఇడ్లీ చెయ్యి జారి చట్నీలో పడి, ఆ చట్నీ గోడ మీదికి చిందినచో ఇంటివారు చూడనట్టు నటించవలెను. మీ వదిన నటించుట లేదు గనుక ఆమెతో మూడు దినములు మాటలు బంద్. ఆమె ఈ శిక్షను మిక్కిలి సంతోషముతో స్వీకరించినది.

ప్రకటన అయిపోయింది. ఇక విషయం. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను జోకేస్తాను, ఇద్దరం పెట్టేస్తాం. అందుకని ఉత్తరం. నీ బడి పిల్లలకి నువ్వడిగిన డబ్బాలూ పాత బ్రష్షులూ ఆర్టీసీ పార్సిల్లో వేస్తున్నా. ఇది ఆ డబ్బాలోనే పెడుతున్నా.

అమ్మాయ్, దసరా వెళ్ళిన వారం ఒక లారీ వెనక తలుపు గొళ్ళెం ఊడి నా కుడిచేతి మీద పడింది. బొటనవేలు పూర్తిగా పోయింది. చూపుడువేలు సగం పోయింది. డాక్టరు నా భుజం తట్టి, "మిగతా మూడూ బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాడు. "ముప్పై ఏళ్ళు పని చేసింది ఆ రెండేనండి, ఈ మూడూ ఊరికే పక్కన కూర్చునే చుట్టాలు" అన్నాను. నర్సు నవ్వింది, ఆయన నవ్వలేదు.

బ్రష్షు నిలవడం లేదు. మధ్యవేలికీ ఉంగరంవేలికీ మధ్య ఇరికిస్తే రంగు బండి మీద కంటే నా పంట్లాం మీద ఎక్కువ పడుతోంది. బడే మియా మంచివాడు. "రంజాన్ పండగ దాకా నీ బెంచి మీద ఇంకొకణ్ణి కూర్చోబెట్టను దాసూ. ఆ తర్వాత నేనూ షెడ్డు నడుపుకోవాలి కదా" అన్నాడు. లారీ మీద అక్షరం రాయడం తప్ప నాకు ఈ లోకంలో ఇంకేం వచ్చో నీకు తెలుసు. ఏమీ రాదు.

ఇది ఎడమచేతి రాత. తాగి నడిచినట్టుంటుంది, సర్దుకో.

మీ అన్నయ్య

*

నాగాయలంక దగ్గర గుల్లపాలెం
20 నవంబరు 2025

అన్నయ్యా,

బుద్ధి తక్కువై డబ్బా స్టాఫ్ రూములో విప్పాను. నీ ప్రకటన అందరికీ వినబడేలా చదువుతూ పడీ పడీ నవ్వాను. ఆ తర్వాత పేరా సగంలో ఆపేశాను. లెక్కల మాస్టారు నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి ఇచ్చారు.

నెల దాటింది! ఆదివారం ఫోన్‌లో వదిన "బాగానే ఉన్నాం వినీలా" అంది, వెనక నుంచి నీ నవ్వు కూడా వినిపించింది. ఆ నవ్వుని నేనెందుకు నమ్మానా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. నిన్ను తర్వాత తిడతాను, అది బాకీ.

ఇప్పుడు నేను చెప్పేది వెటకారం చెయ్యకుండా విను. వేసవిలో నాకు డిజైన్ థింకింగ్ అని అయిదు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు చూడు, "ఆలోచించడానికి కూడా ట్రైనింగా, మీ డిపార్టుమెంటుకి అవసరమేలే" అన్నావు. అందులో చెప్పింది చాలా మామూలు సంగతి. ఏ వస్తువైనా చేసే ముందు, అది ఎవరి కోసమో ఆ మనిషి దగ్గరికెళ్ళి ఇబ్బంది వినాలి. ఆ ఇబ్బంది ఒక్క వాక్యంలో రాసుకోవాలి. తోచిన ఉపాయాలన్నీ, పిచ్చివి కూడా, గోడకి అతికించాలి. అట్టముక్కతోనో గొట్టంముక్కతోనో నమూనా చేసి ఆ మనిషికే ఇచ్చి వాడించాలి. బాగాలేదంటే మళ్ళీ మొదటికి రావాలి. అంతే.

ఇన్నాళ్ళూ పుస్తకంలో ఇచ్చిన ఊహా మనుషులకి గొడుగులూ సంచులూ చేయించాను. పిల్లలకి ఆవులింతలు. నిన్న తొమ్మిదో తరగతిలో నీ గురించి చెప్పాను. బొత్తాముల దగ్గర అందరూ నవ్వారు. మనోజ్ఞ అనే పిల్ల మాత్రం లేచి, "టీచర్, ఇంతకీ ఆయన బ్రష్షు పట్టుకోగలడా, లేడా?" అంది. వాళ్ళ నాన్న రొయ్యల చెరువు దగ్గర కాపలా. నీళ్ళు చిలికే మోటారు ఆగిపోతే విప్పి బాగుచేసేది ఈ పిల్లే.

నీ చేతికి వీళ్ళు ఏదో ఒకటి చేస్తారు. ఫోన్‌లో నువ్వు తప్పించుకుంటావు కాబట్టి ఉత్తరాలే రాయి. వాటిని ప్రాజెక్టు నోటుబుక్కులో అతికిస్తాం. ప్రశ్నలు ఇవి. బ్రష్షు ఎలా పట్టుకునేవాడివి? నొప్పి ఎప్పుడు ఎక్కువ? ఇది వసీం అడిగాడు. వేళ్ళ కొలతలు దారంతో కొలిచి, ఆ దారం ముక్కలే పంపించు. స్కేలు వద్దు, నీకు స్కేలు చూడటం రాదు.

నీ వినీల

*

విజయవాడ, ఆటోనగర్
2 డిసెంబరు 2025

తొమ్మిదో తరగతి బాలబాలికల మహాసభకి మరియదాసు నమస్కారాలు.

అయ్యా వసీం గారూ, నొప్పి తగ్గింది కానీ లేని వేలు దురద పెడుతోంది. గోకుదామంటే అక్కడ ఏమీ లేదు. ఈ దురదకి మందు కనిపెడితే మీ టీచరమ్మ నీకు వందకి వంద వెయ్యకపోతే నాకు చెప్పు, వచ్చి గొడవ పెడతాను.

అమ్మా మనోజ్ఞా, బ్రష్షుని పెన్సిలు పట్టుకున్నట్టే పట్టుకుంటాం, అందులో పెద్ద విద్య ఏం లేదు. చెయ్యి వణక్కుండా కింద ఒక కర్ర ఆనించుకుంటాం. మా బండ్ల మీద దేవుడి పేరు, ఓనరు పిల్లల పేర్లు, వెనక ఒక కొంటె మాట. ఆ కొంటె మాట కోసమే డ్రైవర్లు ఏలూరు నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వస్తారు. వచ్చేవారు. దారం ముక్కలు కవర్లో ఉన్నాయి. ఎర్రది ఉన్న వేలు, నల్లది లేని వేలు, ఎడమచేతి దాన్ని చూసి కొలిచాను.

ఇక్కడి నుంచి పిల్లలకి చదవకు వినీలా.

మొన్న ఎడమచేత్తో ఒక టిప్పరు మీద రాశాను. రెండే మాటలు. డ్రైవరు దూరంగా నిలబడి చూశాడు, దగ్గరికొచ్చి చూశాడు, తల గోక్కున్నాడు. "అన్నా, మా చిన్నమ్మాయి ఎల్‌కేజీ, అది ఇలాగే రాస్తది" అన్నాడు. తప్పుగా ఏం అనలేదు పాపం. బడే మియా కిరసనాయిలు గుడ్డ తెచ్చి తనే తుడిచేశాడు.

రోజూ పొద్దున్నే షెడ్డుకి వెళ్తున్నాను. బెంచి మీద కూర్చుంటాను. రంగు డబ్బాల మూతలు తుడుస్తాను, తుడిచినవే మళ్ళీ తుడుస్తాను. మునుపు నేను లోపలికి రాగానే "వచ్చాడ్రా బాబూ" అని నవ్వేవాళ్ళు. ఇప్పుడు కుర్చీ జరుపుతున్నారు, పెద్ద మనిషికి జరిపినట్టు. నాకు యాభై ఒకటే కదే.

మీ అన్నయ్య

*

గుల్లపాలెం
15 డిసెంబరు 2025

అన్నయ్యా,

డబ్బాలో బూరుగుదూది తీసి చూడు. నీళ్ళ పైపు ముక్కని వేడిచేసి వంచారు. పాత బడి సంచీ పట్టీ కుట్టారు. మణికట్టుకి బిగించుకుని, ముందున్న రంధ్రంలో బ్రష్షు దూర్చి మర తిప్పితే నిలుస్తుంది. నీ దారం ముక్కల్ని బల్ల మీద పరిచి చుట్టూ ఎనిమిదిమంది నాలుగు రోజులు కూర్చున్నారు. నల్లదారం ఎవరూ ముట్టుకోలేదు. మనోజ్ఞే తీసి తన బొటనవేలికి చుట్టుకుని చూసుకుంది.

హెడ్మాస్టారు తలుపు దగ్గర నిలబడి, "సైన్సు సిలబస్సులో ఏ లెసన్లో ఉందమ్మా ఈ పైపు?" అన్నారు. సంక్రాంతి సెలవుల తర్వాత ఇంకో నెల చూస్తారట. ఫలితం కనబడకపోతే మేం ఇవి చేసుకునే గదికి తాళం, ఆ పీరియడ్లు లెక్కలకి.

వాడి చూసి ఉన్నది ఉన్నట్టు రాయి. "బ్రహ్మాండం పిల్లలూ" అని రాశావో, వచ్చి కొడతాను.

వినీల

*

విజయవాడ, ఆటోనగర్
6 జనవరి 2026

మహాసభకి,

మీ పైపు కట్టుకున్నాను. మా వీధి కుక్క నన్ను చూసి మొరిగింది, పోలీసనుకుని ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను: వేలు తెగిన చోట పైపు అంచు కోసేసింది, అరగంటకే రక్తం. హవాయి చెప్పు అరిగిపోయింది ఉంటే కోసి లోపల అతికించాను, అప్పుడు హాయిగా ఉంది. అది మీరు చెయ్యాల్సింది, నేను చేసేశాను, నాకో రెండు మార్కులు వెయ్యండి.

ఇప్పుడు అసలు సంగతి. డబ్బాలో మీరు పెట్టిన కాగితం మీద మచ్చుకి రాసిన మాట STOP కదా. అది రాశాను. వచ్చింది! HORN రాశాను. అదీ వచ్చింది. షెడ్డంతా ఈలలు. బడే మియా చాయ్ తెప్పించాడు. ఆ ఊపులో మీ మనోజ్ఞ పేరు రాద్దామని మొదలుపెట్టాను. 'మ' దగ్గరే బండి పట్టాలు తప్పింది. మలుపు దగ్గర బ్రష్షు వెంట్రుకలు పక్కకి తిరగబడి తోకలా ఈడ్చుకొచ్చాయి. పదిసార్లు రాశాను. పదిసార్లూ అంతే.

అప్పుడు బడే మియా అన్నాడు: "దాసూ, నువ్వు బ్రష్షు పట్టుకునేవాడివి కాదు. తిప్పేవాడివి." కూర్చుని ఆలోచిస్తే నిజమే. గుండ్రం వచ్చినప్పుడల్లా బొటనవేలూ చూపుడువేలూ కలిసి బ్రష్షుని పొర్లిస్తూ ఉంటాయి, చపాతీ కర్రలాగ. ముప్పై ఏళ్ళు చేశాను, నాకే తెలీదు. పెన్సిల్లాగే అని మీకు రాశాను. ఇంగ్లీషువాడి అక్షరాలు గీతలు, పైపుకి లొంగుతాయి. మనవి అన్నీ చుట్లు, ఎక్కడ చూసినా మలుపే. తప్పు మీది కాదు. మీరు అడిగారు, నేనే తప్పు చెప్పాను.

డబ్బాలో చిన్న బేరింగులు నాలుగు వేస్తున్నా. ఏమైనా తిరుగుతుందేమో చూడండి.

వినీలా, ఇది నీకు. ఆ పది 'మ'లు చూసిన తర్వాత షెడ్డు వెనక్కి వెళ్ళి లారీ టైరు మీద కూర్చున్నాను. నేను ఏడిస్తే చుట్టుపక్కలవాళ్ళు ఇది కూడా వేళాకోళమే అనుకుంటారని లేచి వచ్చేశాను. రంజాన్ నెల ఇంకో ఆరు వారాల్లో మొదలవుతుంది.

మీ అన్నయ్య

*

గుల్లపాలెం
29 జనవరి 2026

అన్నయ్యా,

ఇది రెండోది. లోపల హవాయి చెప్పు, ముందు నీ బేరింగు, బ్రష్షు దాని మధ్యలోంచి వస్తుంది. మనోజ్ఞ సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పట్టుకెళ్ళి చేసింది. వాళ్ళ నాన్న గ్రీజు పూశాడు.

నీకు ఒక మాట చెప్పాలి, చెప్పొచ్చో లేదో తెలీదు. నీ గత ఉత్తరం క్లాసులో చదివాక ఆ పిల్ల రెండు రోజులు బడికి రాలేదు. నేనే చెరువు గట్టు మీదికి వెళ్ళాను. "మేం చేసింది కట్టుకున్నాక ఆయనకి రక్తం వచ్చింది టీచర్" అంది. అది కాదే, తప్పు తెలియడమే ఇందులో సగం చదువు అని నచ్చజెప్పాను. పుస్తకంలో అలాగే ఉంది. ఆమె తల ఊపింది కానీ నమ్మలేదు. "ఇదీ పనిచెయ్యకపోతే నేను ఇంక ఆ గదిలోకి రాను, నన్ను అడగొద్దు" అంది. హెడ్మాస్టారు పెట్టిన గడువూ వచ్చే నెల పదికి అయిపోతుంది.

నేను నీకు ఏమీ చెప్పడం లేదు. వాడి చూసి రాయి, అంతే. రోజూ ప్రార్థనలో నీ చెయ్యి పట్టుకుంటున్నాను.

వినీల

*

విజయవాడ, ఆటోనగర్
7 ఫిబ్రవరి 2026

మహాసభకి, ముఖ్యంగా మనోజ్ఞ గారికి,

మీ టీచరమ్మని కుర్చీలో కూర్చోమనండి. కూర్చుందా? ఇప్పుడు చదవమనండి.

పనిచేసింది!

నిన్న మధ్యాహ్నం ఒక చేపల లారీ వచ్చింది. అవనిగడ్డ డ్రైవరు, బుర్రమీసాలు, చెవికి పోగు. కాలు మీద కాలేసుకుని కొబ్బరి బోండాం తాగుతూ, "ఏంటన్నా, చెయ్యి పోయిందంటగా, రాస్తావా పోతావా?" అన్నాడు. మీ వస్తువు కట్టుకున్నాను, పట్టీ బిగించాను. ఆ బోండాం అయిపోయేలోగా వెనక తలుపు మీద పసుపురంగుతో, ఈ చివర నుంచి ఆ చివరికి రాశాను:

దగ్గరికొస్తే ఎక్కాలు అడుగుతా

మీ గౌరవార్థం. 'క్కా' చూడాలమ్మా, బంతిపువ్వులా తిరిగింది. అతను గడ్డాన కారిన నీళ్ళు తుడుచుకోవడం మర్చిపోయాడు. బడే మియా వెళ్ళి నా బెంచి మీద దుమ్ము దులిపాడు. ఆ లారీ ఎప్పుడూ మీ నాగాయలంక రోడ్డు మీదే తిరుగుతుందట, రొయ్యలకి. ఎప్పుడైనా ఎదురైతే చదివి నవ్వుకోండి, పదిహేనో ఎక్కం రానివాళ్ళు మాత్రం పక్కకి తప్పుకోండి.

హెడ్మాస్టారు గారికి నా తరఫున చెప్పండి, పైపు ఏ లెసన్లో ఉందో ఇప్పుడు తెలిసిందని.

మీ మరియదాసు

*

గుల్లపాలెం
26 ఫిబ్రవరి 2026

అన్నయ్యా,

నీ ఉత్తరం క్లాసులో మూడుసార్లు చదివాను. వసీం బల్లెక్కి దూకాడు. హెడ్మాస్టారు తీసుకెళ్ళి అసెంబ్లీలో చదివారు, "ఎక్కాలు అడుగుతా" దగ్గర ఆయనకే నవ్వాగలేదు. గది ఉంది, పీరియడ్లు ఉన్నాయి. నేను ఇంటికొచ్చి తలుపేసుకుని తృప్తిగా ఏడ్చాను. మూడు నెలలకి ఒక మంచి ఏడుపు.

పిల్లలు నీ చేతి పని పూర్తయిందని నోటుబుక్కు మూసి అట్ట వేసేశారు. ఇప్పుడు రేవులో ముసలివాళ్ళు పడవెక్కడానికి మెట్టు చేస్తున్నారు.

మనోజ్ఞ మాత్రం అందులో చేరలేదు. బడి వదలగానే కల్వర్టు మీద కూర్చుంటోంది. నాగాయలంక వైపు వెళ్ళే ప్రతి లారీ వెనకా చదువుతోంది. ఎదురుగా వచ్చేవాటికి లేచి అటువైపు పరిగెత్తి చూస్తోంది. పదిహేను రోజులుగా ఇదే. నోటుబుక్కులో తేదీలు వేసి రాసుకుంది, మొన్నటికి నూట డెబ్భై లారీలు. వాళ్ళమ్మ వచ్చి చెవి మెలేసి తీసుకెళ్ళింది, మర్నాడు మళ్ళీ అక్కడే. "ఎందుకే, ఆయన రాశారుగా, చాలదా?" అంటే, "నేను చేసిందాంతో అక్షరం ఎలా తిరిగిందో కళ్ళతో చూడాలి టీచర్" అంది. నిన్న ఒక ఐసు లారీ ఆమెని రాసుకుంటూ వెళ్ళింది. నా ప్రాణం పోయింది.

ఆ బండి నంబరు కనుక్కో. లేకపోతే ఒక్క ఫొటో తీయించి పంపించు, దాంతో ఊరుకుంటుంది. బడే మియా గారికి నా సలాం చెప్పు. పండగ తర్వాత కూడా ఇక ఆ బెంచి నీదే కదా, ఇంకా నమ్మలేకపోతున్నాను.

నీ వినీల

*

విజయవాడ, ఆటోనగర్
3 మార్చి 2026

వినీలా,

ఫోన్ తీశాను, మళ్ళీ జోకే వస్తుందని పెట్టేశాను. ముందు నువ్వొక్కదానివే చదువు. తర్వాత పిల్లలకి చదువు. చదివి తీరాలి.

నిన్న బడే మియా ఒకతన్ని షెడ్డుకి తీసుకొచ్చాడు. స్టిక్కర్లు కోసే మిషనువాడు. టేపు తీసి నా బెంచి పొడుగూ వెడల్పూ కొలిచాడు, మిషను పడుతుందో లేదో అని. నేను దాని మీదే కూర్చుని ఉన్నాను. "కొంచెం లేస్తారా అంకుల్" అన్నాడు, మర్యాదగానే. లేచాను. బడే మియా ఉపవాసంలో ఉన్నాడు, పెదవులు ఎండిపోయి ఉన్నాయి, నా వైపు చూడలేదు. పండక్కి పద్దెనిమిది రోజులు. నెలవంక తొందరపడితే పదిహేడు.

మనోజ్ఞ చేసింది కట్టుకున్న రోజు ఏం జరిగిందో ఇప్పుడు రాస్తున్నా. మెత్తగా ఉంది, నొప్పి లేదు. అంత బాగా నా ఒంటికి అమ్మ కుట్టిన చొక్కా కూడా అమరలేదు. రంగులో ముంచి సున్న మొదలుపెట్టాను. సగం దాకా వచ్చింది, అద్భుతంగా వచ్చింది. అక్కణ్ణించి బ్రష్షు తన దారిన తను తిరిగింది, గిర్రున, బొంగరంలాగ. నా వేళ్ళు బ్రష్షుని తిప్పేవి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపేవి కూడా. ఆ పిల్ల తిరగడం పెట్టింది. ఆగడం లేదు అందులో. ఇది ఆ పిల్లకి అక్షరం పొల్లుపోకుండా చెప్పు, ఇదే ఆమెకి కావలసిన ముక్క.

ఇది ఆ రోజే రాయాల్సింది. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని కాగితం తీశాను. రక్తం వచ్చిందని రెండు రోజులు బడి మానేసిన పిల్ల, తలుపు దగ్గర తాళం పట్టుకుని నిలబడ్డ మీ హెడ్మాస్టారు. నా పెన్ను పక్కకి తిరిగింది. జీవితమంతా ఊళ్ళోవాళ్ళకి చెవుల్లో పువ్వులు పెట్టినవాణ్ణి, ఇంకొకటి పెట్టడం ఎంతసేపు? రాస్తుంటే నాకే సంతోషమేసింది. రాయడం అయ్యాక కూడా ఒక గంట నమ్మాను.

ఆ గంట అయిపోయాక తెలిసింది. నా కోసం పనిచేస్తున్న ఎనిమిదిమంది నోటుబుక్కు మూసేస్తారు, ఇంకెవరూ లేరు. నేనే మూయించాను. అయినా ఊరుకుందును. స్టిక్కర్ల వాడికి టీ మోసైనా బతుకుదును. కానీ నవ్వించడానికి ఆ లారీ మీ రోడ్డు మీదే తిరుగుతుందని ఒక వాక్యం ఎక్కువ రాశాను చూడు, ఆ వాక్యం మీద కూర్చుంది ఆ పిల్ల, కల్వర్టు మీద కాదు.

నాకు ఆ బెంచి కావాలమ్మాయ్. ఇంతకుముందు ఎవర్నీ ఏదీ ఇలా అడగలేదు, ఎలా అడగాలో కూడా తెలీదు. నోటుబుక్కు అట్ట చింపెయ్యమను. పడవ మెట్టు ఒక్క రెండు వారాలు ఆగుతుంది, ముసలివాళ్ళు ఇన్నేళ్ళు ఆగారు. ఎలా ఆపాలో వాళ్ళకే తోచాలి, నాకు తోచడం లేదు. ఎన్నిసార్లు పంపితే అన్నిసార్లు కట్టుకుంటాను. రక్తం వస్తే వచ్చిందనే రాస్తాను. ఆమెని ఏడవనీ, రెండు రోజులు మానెయ్యనీ, మూడో రోజు గట్టు మీదికి మళ్ళీ నువ్వే వెళ్ళు.

ఈ ఉత్తరం అందిన వెంటనే, సాయంత్రం లారీలు మొదలవక ముందే, ఆ పిల్లని రోడ్డు మీంచి లోపలికి తీసుకురా. నూట డెబ్భై కాదు, వెయ్యి చదివినా దొరకదు. బుర్రమీసాల డ్రైవరు లేడు, బోండాం లేదు. ఎక్కాలు అడిగే లారీ అసలు లేనే లేదు వినీలా, అది నేను అల్లింది.

మీ అన్నయ్య